వంతెన అవతలి కిండర్

"పోజీని కిండర్‌లో దింపెయ్ నాన్నా, తొమ్మిదింటికల్లా. నాకివాళ మొదటిరోజు, గుర్తుందిగా?" అంటూ కిరిలీ టోస్ట్ నోట్లో కుక్కుకుని పరుగెత్తింది. ఎన్నాళ్లో వెతగ్గా ఆసుపత్రి లాండ్రీలో పని దొరికింది. అది నిలవాలంటే నాలుగేళ్ల కూతురు పోజీ పొద్దంతా ఎక్కడైనా ఉండాలి. వాళ్ల వీధి చివరి కిండర్‌లో ఈ ఏడాదే సాయంత్రం దాకా ఉచితంగా చోటిచ్చారు.

కిరిలీ తండ్రి క్లెమ్ బతుకంతా రెండు రాష్ట్రాల సరిహద్దు నదికి అవతల, ఆల్బరీలో గడిపి, భార్య పోయాక ఈమధ్యే వొడోంగాలో కూతురి పంచన చేరాడు. ఆల్బరీలో కిండర్ అంటే పెద్దబడిలో మొట్టమొదటి తరగతి. వొడోంగాలో కిండర్ అంటే బడికి ముందు పిల్లలు ఆడుకునే చోటు. మధ్యనున్నది ఒక్క వంతెన. ఆ తేడా ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు. మనవరాలిని కారెక్కించి, వంతెన దాటి, ఒకప్పుడు కిరిలీని దింపిన బడికే తీసుకెళ్లాడు.

"పేరు కనబడట్లేదండీ," అంది ఆఫీసులో ఆవిడ.

"మీ కంప్యూటర్లు ఎప్పుడు సరిగ్గా ఏడిశాయి గనక! కిండర్ పిల్ల. వెతుక్కోండి."

కొత్త పిల్లల ఏడుపులతో సతమతమవుతున్న ఆవిడ, పోజీకి ఒక టోపీ పెట్టి క్లాసులోకి పంపేసింది. క్లెమ్ దర్జాగా వొడోంగా తిరిగొచ్చి బేకరీలో మాంసం కూరిన పేస్ట్రీ తింటూ కూర్చున్నాడు. పాప రాలేదని కిండర్ వాళ్లు కిరిలీకి చెప్పారు; ఆయన ఫోను మాత్రం ఇంట్లో కెటిల్ పక్కన మోగుతూనే ఉంది.

పోలీసమ్మాయి వచ్చి భుజం తట్టింది. "పాపెక్కడ పెద్దాయనా?"

"కిండర్‌లో."

"కిండర్‌లో లేదు."

"నేనే దింపాను తల్లీ! కిండర్‌లోనే ఉంది!"

లాభం లేదని ఆమె ఆయన్ని వీధి చివరి కిండర్‌కే తీసుకొచ్చింది. ఇసుకగుంట పక్కన, లాండ్రీ ఏప్రన్‌తోనే, కిరిలీ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఇదా కిండర్?" క్లెమ్ ఇసుకగుంట వైపు చూశాడు. "ఇది ఆటస్థలం కదమ్మా..."

"నాన్నా, ఆల్బరీకి తీసుకెళ్లావా?"

ఆయన తలూపాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పోజీ దొరికింది. పెద్దబడి వదిలి రానని మొండికేసింది కూడా. కిండర్ టీచరు జాలిపడి, పాప చోటు ఎక్కడికీ పోదని మాటిచ్చింది. లాండ్రీ సూపర్‌వైజరు మాత్రం, "మొదటిరోజే చెప్పాపెట్టకుండా పోయేవాళ్లు మాకొద్దు," అన్నాడు.

మర్నాడు క్లెమ్ పోజీని నడిపించుకెళ్లి సరైన చోటే దింపి వచ్చాడు. కిరిలీ చల్లారిన టీ ముందు కూర్చుని ఉంది.

"నన్ను తిట్టమ్మా," అన్నాడు.

"నీకు తెలీదుగా నాన్నా," అంది, ఆయన వైపు చూడకుండా. తిట్టినా ఆయనకంత బాధ కలిగేది కాదు.

పోజీ సాయంత్రం దాకా కిండర్‌లో ఉంటుంది, ఉచితంగా. పనిలేని ఈ ఇద్దరికీ ఇక పొద్దంతా ఖాళీ, అదీ ఉచితంగానే.