లైసెన్సు లేని చెవులు

భూమండలంలోని నేరస్థులారా, వణకండి. వరంగల్లులో సారంగపాణి మేలుకున్నాడు. పొద్దెక్కాక.

“పొద్దెక్కాక” అన్న మాట నాది. మిగతా ప్రకటన ఆయనే నా రేడియో రిపేరు దుకాణం గడప మీద నిలబడి, భుజాన తోలు సంచీలో ట్రాన్సిస్టరు వేలాడుతుండగా, రోజూ చేసేవాడు. తండ్రి బట్టల కొట్టు నడిచేది కాబట్టి ఆయనకు డిటెక్టివు పని నడిచేది. నాకు అలాంటి తండ్రి లేడు. ఐదో తరగతిలో బడి మాని స్క్రూడ్రైవరు పట్టాను. అందుకే మా స్నేహంలో తెలివి ఆయన వంతు, చాయ్ పైసలు నా వంతు.

ఆ ఏడు ఆయన చిత్తుకాగితాల దుకాణంలో తూకానికి ఒక అట్టలేని పుస్తకం కొన్నాడు. దాని నిండా దేశదేశాల వింత చట్టాలు.

“యాకయ్యా, రష్యాల ఒక రాజు గడ్డానికి పన్నేసిండు, ఎరుకేనా?”

“మంచిగైంది. మంగలోళ్లు బతికిండ్రు.”

“స్విట్జర్లాండుల ఒక పుంజు గుడ్డు పెట్టిందని కోర్టుల నిలవెట్టి, శిక్షేసి కాలవెట్టిండ్రు.”

“గుడ్డునా, పుంజునా?”

“రెంటినీ.”

నవ్వాను గానీ, నవ్వే హక్కు మనకెక్కడిది? అప్పట్లో మన దేశంలో ఇంట్లో రేడియో పాడాలంటే పోస్టాఫీసులో లైసెన్సు తీసుకోవాలి, ఏటేటా డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. రష్యా రాజు గడ్డం దగ్గర ఆగాడు. మనవాళ్లు చెవుల దాకా వచ్చారు. తనిఖీ ఆఫీసరు వస్తున్నాడని పుకారు పుడితే చాలు, మా వాడలో రేడియోలు బియ్యం కుండల్లోకి, పిడకల కుప్పల్లోకి దిగిపోయేవి.

అలాంటి పుకారు పుట్టిన మర్నాడు పొద్దున, ఎదురింటి సమ్మమ్మ ఏడుస్తూ వచ్చింది. ఆమె పెనిమిటి కట్టయ్య మిరప రైతు.

“యాకన్నా, నా రేడియో పోయింది. మా అవ్వగారోళ్లు పెండ్లిల పెట్టింది. రాత్రి గూట్లనే ఉండె.”

“ఇంట్ల ఎవలున్నరు?”

“ఆయన చీకట్లనే మిర్చి బస్తాలు బండికేసుకొని మార్కెటుకు వోయిండు. మా అత్త మొదటి బస్సుకు నర్సంపేటల బిడ్డ ఇంటికి వోయింది.”

“ఖూనీ,” అన్నాడు సారంగపాణి.

“రేడియో పోతే ఖూనీ ఏంది పాణీ?”

“గొంతు మూగవోయింది. ఖూనీ గాక ఇంకేంది?”

సమ్మమ్మ ఇంటికి వెళ్లి ఆ గూటిని భూతద్దంతో చూశాడు. భూతద్దం నాదే, సన్న తీగలు అతకడానికి వాడేది. గూట్లో నాలుగు మిరపగింజలు కనిపించాయి. ఆయన కళ్లు మెరిశాయి.

“నిన్న ఏం తిన్నవు యాకయ్యా?”

“మిర్చి బజ్జీలు. నువ్వు గూడ తిన్నవు. పైసలు నేనిచ్చిన.”

“నేను గింజలు తీసి తిన్న. దొంగ గింజలతోనే తిన్నడు.” వాడ వాడంతా చూస్తుండగా ఆయన వేలు నా మీదికి తిరిగింది. “మొన్న ఈ రేడియో ఇప్పింది ఎవలు? అదెట్ల మోగుతదో ఎరికైనోడు ఎవలు?”

“దాని స్విచ్చు లూజున్నది, దెబ్బ తగిల్తె మోగుతదని సమ్మక్కకు నేనే చెప్పిన గదా.”

“ఒప్పుకున్నడు.”

పరాచికమే అనుకున్నాను. కానీ సమ్మమ్మ నా వంక చూసిన చూపు పరాచికం కాదు. పక్కింటి కట్టమ్మ గబగబా నా దుకాణంలోకి పోయి, రిపేరుకిచ్చిన తన రేడియోను చంకన పెట్టుకుని పోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. దొంగ దగ్గర రేడియో ఎవరు పెడతారు? పోయింది దొరక్కపోతే నా దుకాణానికి తాళమే.

“రేడియో కట్టయ్య పేర ఉన్నది. ఫిర్యాదు ఆయనే ఇయ్యాలె. నడువు మార్కెటుకు,” అన్నాడు డిటెక్టివు. సమ్మమ్మ కూడా వెంట వచ్చింది. దారిలో ఆయన పోస్టాఫీసులోకి దూరి, సఫారీ తొడుక్కున్న ఒక మనిషితో బయటికి వచ్చాడు.

“గింత పెద్ద కేసు సర్కారు సాక్షి లేకుంటె నిలవది,” అన్నాడు గర్వంగా.

ఆ సాక్షి రాజేశ్వర్ రావు, రేడియో లైసెన్సుల తనిఖీ ఆఫీసరు. ఎవరికి జడిసి మా వాడ రేడియోలు దాచుకుందో, ఆయన్నే మావాడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

మార్కెట్లో కట్టయ్య బస్తాలు పేర్చుకుని సేటుతో బేరమాడుతున్నాడు. సారంగపాణి ఆ బస్తాల మీదికెక్కి నా కేసి వేలు చాపాడు.

“మహాజనులారా, నేర ప్రపంచపు నల్లని తెర ఇప్పుడు లేవబోతాంది. అసలు దొంగ...”

మిర్చి ఘాటు ముక్కుకెక్కింది. తెర లేవలేదు, తుమ్ము లేచింది. ఆ తుమ్ముకు ఆయన జారి, కింద ఉన్న బస్తా మీద దబ్బున కూలబడ్డాడు.

బస్తా మాట్లాడింది. “రైతు సోదరులారా, మిరపను బాగా ఎండబెట్టి బస్తాలకెత్తండి. అందులో ఇతర వస్తువులేవీ కలవకుండా చూసుకోండి.”

సేటు బేరానికి చాపిన చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. కట్టయ్య కుట్లు తెంపి చెయ్యి పెడితే, మిరపకాయల మధ్య నుంచి రేడియో బయటికి వచ్చింది, ఇంకా సలహాలు చెబుతూనే.

“ఇది మా అవ్వ పని,” అన్నాడు కట్టయ్య. “ఆఫీసరు వస్తాండని మూతి కుట్టని బస్తాల దాసింది. నేను చీకట్ల చూడక కుట్టేసిన.”

మిరపకాయల్లో గుంత చేసిన చేత్తోనే కట్టయ్య తల్లి గూట్లోంచి రేడియో తీసింది. గింజల కథ అంతే.

రాజేశ్వర్ రావు గొంతు సవరించుకున్నాడు. “లైసెన్సు ఉన్నదా?”

కట్టయ్య అంగీ జేబులోంచి పుస్తకం తీశాడు. ముద్ర తాజాగా ఉంది. “నిన్ననే కట్టిన సార్. అవ్వకు చెప్పుడు మర్చిన.”

ఆఫీసరు తల ఊపి, ఇంకా తుమ్ముతున్న సారంగపాణి వైపు తిరిగాడు. “మీ భుజానిది?”

“ఇది పరిశోధన సాధనం.”

“పాట వస్తదా?”

“వస్తది.”

“అయితే దీని లైసెన్సు చూపెట్టుండ్రి.”

గుడ్డుతో సహా దొరికిన పుంజులా చూశాడు సారంగపాణి. రేపు ఆఫీసుకు రమ్మని చెప్పి ఆఫీసరు వెళ్లిపోయాడు.

“మనసుల పెట్టుకోకు యాకన్నా,” అంది సమ్మమ్మ తల వంచుకుని. సాయంత్రానికల్లా కట్టమ్మ రేడియో నా బల్ల మీదికి తిరిగొచ్చింది. దాని వెనకే సారంగపాణి వచ్చాడు, ముక్కు పండు మిరపలా ఉంది.

“కేసు నేననుకున్నట్టే తేలింది,” అంటూ ట్రాన్సిస్టరు బల్ల మీద పెట్టాడు. “దీన్ని ఇప్పు. ముక్కలు ముక్కలు చెయ్యి. ముక్కలకు లైసెన్సు ఏ దేశంల లేదు.”

విప్పాను. ఆయన మాట మనసు పెట్టి విన్నది ఆ ఒక్కసారే.

తర్వాత కొన్నేళ్లకు సర్కారు రేడియో లైసెన్సులే ఎత్తేసింది. ముక్కలు మాత్రం నా రేకు డబ్బాలోనే ఉన్నాయి. బిగించినవా అని సారంగపాణి ఇప్పటికీ అడుగుతుంటాడు.

“ఒక స్క్రూ కనవడ్తలేదు పాణీ,” అంటాను. “నువ్వు డిటెక్టివువు గదా, ఎతుకు.”