చేదాకు సాధించిన ఘనవిజయం

చక్కెర జబ్బు ఇక మన మధ్య ఉండబోదని తెలియజేయడానికి మా ఔషధ మొక్కల పరిశోధనాలయం అమితంగా సంతోషిస్తోంది. ఈ ప్రకటన టైపు చేసింది నేనే. ఒక్క అక్షర దోషం కూడా లేదు. మిగతా దోషాలతో టైపిస్టుకు సంబంధం లేదు.

ఆ జబ్బుకు పెద్దవాళ్లు ఎప్పటినుంచో వాడే ఒక చేదాకును మావాళ్లు ఎండబెట్టి, దంచి, స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, అందులో నలభై ఒక్క రసాయనాలున్నాయని కనిపెట్టారు. గ్లైకోసైడ్లట, సాపోనిన్లట, ఆల్కలాయిడ్లట. ఉన్నాయి, కాదనను. వాటిలో ఏది చక్కెరను తగ్గిస్తుందో, అసలు తగ్గిస్తుందో లేదో తేల్చాల్సింది ఎలుకలు. తీరా మందు పోసిన మర్నాటినుంచే వరసగా మూడు సెలవులు వచ్చిపడ్డాయి. ఎలుకలకు మేత వేసే మా బాబాయ్ కూడా మనిషే కదా, ఆయనా తాళం వేసుకుని ఇంటికెళ్లాడు.

నాలుగో రోజు చూస్తే ఎలుకల నెత్తుటిలో చక్కెర అమాంతం పడిపోయింది! మందు పోయని ఎలుకల్లోనూ పడిపోయింది. పక్క బోనులోంచి వాసన తగిలినందుకే అంత తగ్గిందంటే ఆ ఆకు మహిమ ఏమని చెప్పను!

వెంటనే సభ జరిగింది. "మన ఎలుకలు చరిత్ర సృష్టించాయి! ఈ ఆకు ముందు ప్రపంచం తల వంచక తప్పదు!" అని డైరెక్టరుగారు గర్జించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది బాబాయే. ఆయనకు పదకొండేళ్లుగా చక్కెర జబ్బు. మర్నాడే మాత్రలన్నీ చెత్తబుట్టలో పారేసి, ఆ ఆకు నమలడం మొదలుపెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. "బాబాయ్, నీకేమన్నా మతి పోయిందా? ఆ మూడు రోజులూ మేత వేయనిది నువ్వే కదా!"

"నేనేనమ్మా."

"తిండి లేకే చక్కెర పడిపోయిందని నీకు తెలుసు కదా!"

"తెలుసు. కానీ పేపర్లో పడిందిగా. అంత చదువుకున్నవాళ్లు ఊరికే రాస్తారా?"

"రాసింది నేను బాబాయ్! ఈ చేతుల్తోనే టైపు చేశాను!"

"నువ్వూ చదువుకున్నదానివేగా," అన్నాడు మురిసిపోతూ.

నెల తిరక్కుండానే ఆయన కాలి వేలికి పుండు లేచింది. పిన్ని నెత్తీనోరూ కొట్టుకున్నా వినకుండా, దానిమీదా ఆ ఆకే నూరి కట్టాడు. చివరికి ఆసుపత్రిలో వేలు తీసేశారు. పాదం దక్కేదీ లేనిదీ రెండు రోజులాగితే గాని చెప్పలేమన్నారు. డైరెక్టరుగారు పరామర్శకు వచ్చి, మోతాదు సరిపోలేదేమోనని విచారం వ్యక్తం చేశారు.

నేను వెళ్లేసరికి బాబాయ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిన్ని నన్ను చూసి మొహం తిప్పుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. బయటికి వస్తుంటే, పొద్దుట్నుంచీ ఆయన కాలికి కట్లు మారుస్తున్న నర్సమ్మ వెనకాలే వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మా మామగారికీ షుగరేనండీ. ఇంతకీ ఆ ఆకు పేరేమిటి?"

మీరూ అదే అడగబోతున్నారు కదూ? మొహమాటపడకండి. బాబాయ్ పక్క మంచం ఖాళీగానే ఉంది.