మొక్కని మొక్కు

తెల్లవారుజామున లేస్తూనే వీరభద్రయ్యకు పాత సందేహమే మళ్లీ పట్టుకుంది. తీపి ముట్టని మనిషికి షుగర్ ఎలా వస్తుంది? మార్కాపురంలో బట్టల దుకాణం తెరిచిన నాటి నుంచి ఆయన గల్లాపెట్టె ముందు పరుపు దిగి ఎరగడు. కాఫీ అయినా గుడ్డ తాను అయినా కూర్చున్న చోటికే వస్తుంది.

"మీకు షుగర్ తెచ్చింది లడ్డూ కాదు, ఆ పరుపే. ఈ వయసులో పొట్ట పెరిగి నడక తగ్గితే అంతే. ఇంకా ముదరలేదు. పండగయ్యాక మళ్లీ పరీక్ష చేద్దాం. తగ్గకపోతే మాత్రలే" అని మొన్ననే చెప్పాడు డాక్టరు.

మాత్రలకు ఆయన భయపడలేదు. అవి మొదలైతే కొడుకు చంద్రశేఖర్ తనను ఇంట్లో కూర్చోబెట్టి పరుపెక్కుతాడు. ఆ పరుపు పోతే ఆయనకు ప్రాణం పోయినట్టే.

అందుకే ఎవరికీ చెప్పకుండా దోర్నాల రోడ్డున కాస్త నడిచి, దుకాణం తెరిచే వేళకు తిరిగి రావాలని బయలుదేరాడు. చలికి తలకు తువాలు, కుక్కలకు కర్ర. కొత్త బూట్లు ఊరు దాటకముందే కరిచాయి గనక సంచిలో వేసి భుజాన తగిలించాడు. శివరాత్రి ముందు ఆ రోడ్డు మీద, ఆ వేషంలో, ఉత్తకాళ్లతో పోయే పెద్దమనిషిని చూసి లోకం ఏమనుకుంటుందో ఆయనకు తట్టలేదు.

పుల్లమ్మకు తట్టింది. కాలినడకన శ్రీశైలం పోయే భక్తులకు రోడ్డు పక్క పందిరి వేసి ఏటా పొంగలి పెట్టే మనిషి ఆమె. ఎదురొచ్చి దొన్నె చేతిలో పెట్టింది.

"నేను శ్రీశైలం పోవడంలేదమ్మా. ఊరికే నడుస్తున్నా."

"అట్లనే అనాలిలే సామీ, మొక్కు బయటికి చెప్పకూడదు. తిను."

శివుడి పేరున పెట్టింది వద్దంటే పాపం. బెల్లం పొంగలి కళ్లు మూసుకుని మింగాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా మోటారు సైకిలు మీద పక్క దుకాణం కోటేశ్వర్లు. ఒక దండం పెట్టి ఫోను తీశాడు.

"వదినా, అన్న శ్రీశైలం నడిచిపోతున్నాడు. మీకు చెప్పకుండానే వచ్చినాడా ఏంది?"

ఆయన వెనక్కి తిరిగేలోపే కొడుకుతో కలిసి ఆటో దిగింది భార్య కోటిరత్నం. చేతిలో విభూతి, కొబ్బరికాయ, ఉతికిన పంచె.

"నా మోకాళ్ల కోసమే గదా మొక్కుకున్నారు" అంది, కళ్లనీళ్లు పెట్టుకుని. "నొప్పి ఎట్లుందని ఏనాడూ అడగని మనిషి. మీలో ఇంత ఉందని నాకేం తెలుసు."

నిజం చెప్పడానికి తెరిచిన నోరు ఆ ముఖం చూసి మూతపడింది. నిజంగానే ఒక్కసారీ అడగలేదని సిగ్గేసింది కూడా.

"అవును రత్నం" అన్నాడు.

"నిదానంగా పోయిరా నాయనా. దుకాణం నేను చూసుకుంటా" అన్నాడు చంద్రశేఖర్.

దోర్నాల దాటేసరికి కాళ్లు బొబ్బలెక్కాయి. ప్రతి పందిరిలోనూ పొంగలో పానకమో ఎదురైంది. నాలుక్కి తగిలించి మిగతాది పక్కవాడికి దాటవేయడం నేర్చుకున్నాడు. మల్లన్న ఎదుట నిలబడి రత్నం మోకాళ్ల సంగతి మనసారా విన్నవించుకుని, బస్సెక్కి ఇల్లు చేరాడు.

పండగయ్యాక డాక్టరు పరీక్ష కాగితం తిప్పి తిప్పి చూశాడు. "బాగా తగ్గింది. ఏం చేశారు?"

"పొంగలి తిన్నా."

"ఆ మాట బయట అనకండి. ఎంత నడిచారో అది చెప్పండి. ఆ నడక మానకపోతే మాత్రలు అక్కర్లేదు."

వీరభద్రయ్య పెళ్లికొడుకులా దుకాణానికి వెళ్లాడు. పరుపు మీద చంద్రశేఖర్ బాసింపట్టు వేసుకుని కాఫీ తాగుతున్నాడు.

"అమ్మకు మోకాళ్లు నయమంట నాయనా. నువ్వు ఏటా నడిచి వస్తావని నీ పేరున మొక్కేసింది. రోజూ నడిచి అలవాటు చేసుకో, ఇక్కడ నేనున్నాగా."

వీరభద్రయ్య కొడుకు నడుము వైపు చూశాడు. పొట్ట అప్పుడే మొదలైంది. ఇంక పోట్లాడకుండా సంచి భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. కొన్నేళ్లు ఓపిక పడితే వాణ్ణి డాక్టరే దింపుతాడు.