హెబ్రోను మేష్టారి పసుపు సబ్బు

ఆ శనివారం ఉదయం హెబ్రోను మేష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా సబ్బు చేయాలి. మధ్యాహ్నం ఆ సబ్బుతో బట్టలు ఉతికి చూసుకోవాలి. మర్నాడు చర్చిలో ఆరాధన అయిపోగానే దాన్ని పాస్టరుగారి చేతిలో పెట్టి ఉద్యోగం ఖాయం చేయించుకోవాలి. వీటిలో ఏ ఒక్కటీ ఆయన అంతకుముందు చేసి ఎరుగరు.

అది యాభై తొమ్మిదో సంవత్సరం. ప్రతి బడిలోనూ పిల్లలకొక చేతిపని నేర్పాలనీ, లేకపోతే గ్రాంటు సంగతి ఆలోచించాల్సి వస్తుందనీ పైనుంచి కాగితం వచ్చింది. అల్లూరు మిషన్ బడికి మేనేజరు కూడా అయిన పాస్టరు క్రీస్తురాజుగారు ఉపాధ్యాయులందరినీ వరసగా నిలబెట్టి ఎవరికి ఏ చేతిపని వచ్చునని అడిగారు. అందరూ ట్రెయినింగు పాసైనవాళ్లు కనుక ఎవరికీ ఏ పనీ రాదు. అందరూ నేల చూపులు చూస్తుంటే హెబ్రోను మేష్టారు మాత్రం, "సబ్బు చేస్తానండీ" అన్నారు. ఎందుకన్నారంటే ఆయనకే తెలీదు. ఆ పొద్దున మొహం కడుక్కుంటుంటే కంట్లో సబ్బు పడి ఇంకా మండుతూ ఉందట, అదే నోటికొచ్చింది.

"ఆదివారానికి చేసి చూపించు" అన్నారు పాస్టరుగారు. "బాగుంటే నిన్ను ఖాయం చేస్తా. లేకుంటే జూన్‌లో పని వచ్చినోణ్ణి ఎవర్నన్నా చూసుకుంటాం. నన్నేమీ అనుకోవద్దు."

నాలుగేళ్లుగా టెంపరరీ మనిషి. ఇంట్లో భార్య నవోమికి ఆరో నెల. అనుకోకుండా ఎట్లా ఉంటారు? రాత్రంతా అనుకుని, తెల్లారి నెల్లూరు వెళ్లి, సబ్బు చేసే విధానం మీద ఒక చిన్న పుస్తకం, కాస్టిక్ సోడా, రెండు సీసాల కొబ్బరినూనె తెచ్చారు. పుస్తకంలో మొదటి రెండు పేజీలు జాగ్రత్తల గురించి. తొందరలో ఉన్నవాళ్లెవరూ అవి చదవరు.

అందువల్ల మేష్టారు సోడా నీళ్లను నవోమి సత్తు దబరలో, అంటే అల్యూమినియం గిన్నెలో, కలిపారు. కలిపీ కలపగానే అది పొయ్యి లేకుండానే తెర్లడం మొదలుపెట్టింది. నురగ, పొగ, ఘాటు. దబర నల్లబడి అడుగున చిల్లుపడింది.

"మా అమ్మ ఇచ్చిన దబర" అంది నవోమి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"మూడో పేజీలో మట్టికుండ అని రాసిండారు."

"ముందు చదివి తర్వాత చేసుండొచ్చు గదా."

"అట్ల చదువుకుంటా కూచుంటే సబ్బు ఎప్పుడవతాది?"

మట్టికుండలో కలిపి నూనె పోస్తే బుద్ధిగానే కలిసింది. ఇక రంగు. పాస్టరుగారికి పసుపుపచ్చ సబ్బంటే ఇష్టం. బజారులో రంగుపొడి దొరకలేదు. వంటింట్లో పసుపు ఉంది. ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరికైనా తట్టేదే మేష్టారికీ తట్టింది. గుప్పెడు పసుపు తీసి కుండలో పోశారు. కుండలోది కళ్లముందే ఇటుక రంగుకు తిరిగింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందనీ, సోడాకూ అదే గుణమనీ ఆ ఊళ్లో పిల్లనడిగినా చెబుతుంది. కానీ మేష్టారు, నవోమి ఇద్దరూ చిన్నప్పటినుంచీ మిషన్ హాస్టళ్లలో పెరిగినవాళ్లు. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎట్లా చేస్తారో ఆ హాస్టళ్లలో ఎవరు చెబుతారు?

"ఆరితే పసుపుకొస్తుంది" అన్నారు మేష్టారు, తనకు తెలియని విషయాన్ని బడిలో చెప్పే గొంతుతో. ఆరింది, ఎర్రగానే ఉంది. పోనీ, ఉతికి చూద్దామని తన రెండు జతల తెల్లబట్టలూ తడిపి రుద్దారు. రుద్దిన చోటల్లా ఎర్రనయ్యాయి. బావి దగ్గర ఇరవై బొక్కెనల నీళ్లు తోడి జాడించారు. ఎరుపు పోయింది. ఆ స్థానంలో, ఎండకు ఆరేసరికి, పెళ్లికొడుకు బట్టల్లాంటి నిక్షేపమైన పసుపుపచ్చ నిలబడింది. సబ్బుకు రావలసిన రంగు బట్టలకొచ్చింది.

ఆదివారం ఉదయానికి ఆయనకున్నవి ఆ రెండు జతలే. మానేద్దామంటే సబ్బు చూపించాల్సింది ఆ రోజే.

"నేను ముందు పోతాను. మీరు కాస్త వెనక రండి" అంది నవోమి. భర్తంటే ఆమెకు ప్రేమే, కానీ చర్చిదాకా వీధి చాలా పొడుగు.

మేష్టారు పసుపు పంచె, పసుపు చొక్కా వేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని, సబ్బున్న గుడ్డసంచి చేత పట్టుకుని బయలుదేరారు. పట్టుమని పది అడుగులు వేయకముందే ఎదురింటి అరుగు మీద రంగనాయకులు లేచి నిలబడ్డాడు. ఇరవై ఎకరాల మాగాణి ఉన్న రైతు. ఎవరికోసమూ లేవని మనిషి.

ఆ ప్రాంతంలో మగవాడు పసుపు బట్టలు కట్టి, సంచి పట్టుకుని పొద్దున్నే వీధిన పడ్డాడంటే అర్థం ఒక్కటే. తిరుపతి కొండకు మొక్కుకున్నాడు. మొక్కుకున్నవాడు ఇంటింటా భిక్షం తీసుకుని కొండకు పోవాలి. అటువంటివాడి సంచిలో బియ్యం పోస్తే పోసినవాళ్లకు సగం పుణ్యం.

"మేష్టారూ, మీరు గూడా మొక్కుకున్నారా?" అన్నాడు రంగనాయకులు, కళ్లు చెమర్చి.

సబ్బు చెడిందని చెబితే ఆ మాట తనకంటే ముందు పాస్టరుగారి దగ్గరికి పోతుంది. "అంతా దేవుని కృప" అన్నారు మేష్టారు. ఆదివారం నాడు ఆయన ఎవరేమడిగినా చెప్పే జవాబే అది.

"అదీ మాట. ఆయన పిలిస్తే ఏ మతమోడన్నా పోవాల్సిందే" అని రంగనాయకులు లోపలికి పోయి పిడికెడు బియ్యం తెచ్చి, "గోవిందా" అంటూ సంచిలో పోశాడు. పిడికిలి సగం తెరిచి, మిగిలింది మళ్లీ ఇంట్లోకి తీసుకుపోయాడు. ఇక వీధంతా కదిలింది. ప్రతి గడప దగ్గరా ఒక చెయ్యి, ఒక గోవింద. కొందరు గుప్పెడు, కొందరు చారెడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చర్చి చేరేసరికి సంచిలో రెండు శేర్ల బియ్యం, వాటి అడుగున సబ్బు.

చర్చి గుమ్మం దగ్గర ఎలిశబెతమ్మ గంప పెట్టుకుని కూర్చుని ఉంది. అక్కడి విశ్వాసుల ఇళ్లలో ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి దేవుడికని ఒక పిడికెడు తీసిపెట్టి ఆదివారం తెచ్చి ఆ గంపలో పోస్తారు. పెద్దామె మేష్టారి బట్టలవైపు అనుమానంగా చూసింది. సంచివైపు చూసేసరికి అనుమానం పోయింది. "నాలుగేళ్లకు బుద్ధొచ్చినాదే" అంటూ సంచి లాక్కుని గంపలో బోర్లించింది. ఖాళీ సంచి తిరిగి చేతికొచ్చేదాకా మేష్టారు గుమ్మం పక్కనే నిలబడ్డారు. కానుకల ప్రార్థనలో పాస్టరుగారు ఆ గంపను చూసి, ఇంత బియ్యం తన సేవలో ఎన్నడూ చూడలేదని దేవునికి స్తోత్రం చెల్లించారు. వెనక వరసలో స్తంభం చాటున మేష్టారు కళ్లు మూసుకునే ఉన్నారు.

ప్రసంగం గంటన్నర. అది ముగిసి అందరూ బయటికి వచ్చేసరికి వేపచెట్టు నీడన రంగనాయకులు, వాళ్లమ్మ ఆదిశేషమ్మ, వీధిలోని మరో పదిమంది ఓపిగ్గా కూర్చుని ఉన్నారు. ఆదిశేషమ్మ చేతిలో కొబ్బరికాయ.

"పాస్టరుగారూ, మా మేష్టర్ని బిన్నా పంపీండి, ఆలస్యం చేయబాకండి" అన్నాడు రంగనాయకులు. "కొండ బస్సు పోతాది. మా అమ్మ టెంకాయ గూడా ఇయ్యాల."

పాస్టరుగారు నెమ్మదిగా తిరిగి మేష్టారి పంచె చూశారు, చొక్కా చూశారు. "హెబ్రోనూ, యాడికి పోతుండావు నువ్వు?"

ఇక దాచి లాభం లేదు. మేష్టారు దబర దగ్గర్నుంచి చెప్పారు. చెబుతుంటే ఎవరూ నమ్మలేదు. ఎలిశబెతమ్మ గంపలో చెయ్యిపెట్టి సబ్బు తీసింది.

"పసుపు వేసినానన్నావు. ఇది ఎర్రగా ఉండాదే" అన్నారు పాస్టరుగారు.

"ఎర్రగా గాక ఇంకెట్టుంటాది?" అంది ఆదిశేషమ్మ. కొబ్బరికాయ కొడుక్కిచ్చి, చర్చి బావి దగ్గరున్న బొక్కెనలో చెయ్యి ముంచి, ఆ సబ్బు తీసుకుని మేష్టారి చొక్కా అంచు మీద రుద్దింది. పసుపు చొక్కా అంచు ఎర్రగా తిరిగింది. "చూసినారా? మొక్కూ లేదు, పాడూ లేదు. ఈ అమాయకుడు పారాణితో గుడ్డలుతికినాడు."

పాస్టరుగారు ఊపిరి పీల్చుకున్నారు. రంగనాయకులు పీల్చుకోలేదు. "అయితే మా బియ్యం మాకిచ్చీండి. అది సామి సొమ్ము."

"అది మా దేవునికి ప్రార్థనలో అప్పజెప్పినాం" అంది ఎలిశబెతమ్మ, గంపను ఒళ్లోకి లాక్కుంటూ.

"ఎవరెంత పోసినారో చెప్పండి. అంత కొలిచి ఇచ్చేద్దాం" అన్నారు పాస్టరుగారు న్యాయంగా. అదే ఆయన చేసిన పొరపాటు. రంగనాయకులు పదిమందిలో పిడికెడని ఎట్లా అంటాడు? "రెండు శేర్లు" అన్నాడు. ఆయనే రెండంటే పక్కింటాయన తగ్గుతాడా? వీధి మొత్తం తేలేసరికి ఎనిమిది శేర్లయింది. విశ్వాసులు ఊరుకుంటారా? పూటపూటా పిడికెడు చొప్పున వారానికి ఎంతవుతుందో ఒకావిడ లెక్కగట్టి చెప్పింది. అందరూ ఆమెకు తగ్గకుండా చెప్పారు. అది తొమ్మిది శేర్లయింది. ఎలిశబెతమ్మ గంప కొలిచింది. నాలుగు శేర్లు.

ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆఖరికి అందరూ కలిసి మేష్టారి మొహం చూశారు. వీధిలో ఏ చెయ్యి ఎంత తెరుచుకుందో చూసినవాడు ఆయనే. గుమ్మం పక్కన నిలబడి గంపలో ఏ కొంగులోంచి ఎన్ని గింజలు పడ్డాయో ఎలిశబెతమ్మ కాక చూసినవాడూ ఆయనే.

"చెప్పు హెబ్రోనూ" అన్నారు పాస్టరుగారు. ఆ గొంతులో చెప్పమన్నట్టు లేదు.

మేష్టారు సంచిని నాలుగు మడతలు పెట్టి చంకలోకి దోపుకున్నారు. నిజం చెబితే సబ్బు సంగతి ఎట్లా ఉన్నా ఈ ఊళ్లో తన మొహం చూసేవాడుండడు. చెప్పకపోతే తప్పు ఎవరిదో ఒకరిది కావాలి. నవోమి అటువైపు నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుని ఆయన్నే చూస్తోంది.

"అందరూ నిండుగానే పోసినారండీ" అన్నారు. "నా సబ్బే సరింగా కుదర్లా. దాని ఘాటుకు సంచికి బొక్కపడింది. గంపకు గూడా పడినట్టుంది. దోవ పొడుగునా కారిపోయినాయి. తప్పు నాదే. నాకు సబ్బు చేయడం రాదు."

రంగనాయకులు గట్టిగా నిట్టూర్చాడు. "పోనీలేండి మేష్టారూ. పక్షులు తింటాయి. మిగిలిన బియ్యం చెరిసగం చేసుకుందాం." ఎలిశబెతమ్మ గంపను పైకెత్తి అడుగు చూడబోయి, పాస్టరుగారి చూపు తగిలి మళ్లీ దించేసింది. ఆదిశేషమ్మ కొబ్బరికాయ మేష్టారి చేతిలో పెట్టి, "కడుపుతో ఉండే పిల్లకు పచ్చడి నూరిపెట్టు నాయనా" అంది.

అందరూ వెళ్లాక పాస్టరుగారు మేష్టారి భుజం మీద చెయ్యి వేశారు. నాలుగేళ్లలో మొదటిసారి. "చేతిపనికి వేరే మనిషిని చూస్తా. నువ్వు మాత్రం యాడికీ పోవద్దు. బళ్లో నీతిబోధకు సరైనోడు లేడని ఎప్పట్నుంచో అనుకుంటుండా. రేపట్నించి నువ్వే. ఆర్డరు ఖాయంగానే రాసిస్తా."

ఇంటికి వచ్చాక నవోమి సంచిని విదిలించి, కిటికీ వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"బొక్క యాడుండాది?"

మేష్టారు కొబ్బరికాయ పీచు తీయడంలో పడ్డారు.

సోమవారం మొదటి గంటలో హెబ్రోను మేష్టారు నల్లబల్ల మీద 'ఎల్లప్పుడూ సత్యమునే పలుకవలెను' అని రాశారు. కిటికీ పక్కగా వెళుతున్న పాస్టరుగారు అది చదివి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నారు.