ఫ్లోరెన్స్ హోటల్ ఎంపిక సంఘం, బెంటన్‌విల్ శాఖ

ఏ హోటల్‌లోనైనా రెండు రాత్రులు హాయిగా పడుకోవాలంటే దాన్ని వెతకడానికి ముందుగా ఇరవై రాత్రులు నిద్ర మానుకోవాలన్నది, అమెరికా తెలుగువారు ప్రపంచ పర్యాటక శాస్త్రానికి అందించిన మూలసూత్రం. ఆర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో దీన్ని అక్షరాలా అమలు చేయడానికి ఒక సంఘమే ఏర్పడింది. అధ్యక్షుడు ఫణి గారు. ఇటలీ విషయంలో ఆయన అధికారాన్ని ప్రశ్నించినవారు లేరు. హైదరాబాద్ వెళ్తూ ఒకసారి రోమ్ ఎయిర్‌పోర్ట్‌లో నాలుగు గంటలు కూర్చున్నారు. (అక్కడ వైఫై సరిగ్గా రాలేదని ఆయన రాసిన రివ్యూ ఇప్పటికీ ఉంది. నలభై మంది అది తమకు ఉపయోగపడిందన్నారు.)

మిగతా సభ్యులు ఆయన భార్య గౌరి, ఆఫీసులో ఆయన కింద పనిచేసే నరసింహ, నరసింహ భార్య పూజిత. వాళ్ళ రెండేళ్ళ కూతురు తార కూడా జూన్‌లో తలపెట్టిన ఇటలీ ప్రయాణంలో ఉంది గానీ, ఓటు లేదు. పూజితకు ఓటుందో లేదో ఎవరూ తేల్చి చెప్పలేదు. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్ళయి చదువాగిపోయిన మనిషి కావడంతో, సంఘం వారి ఎక్సెల్ షీట్ తెరిచినప్పుడల్లా పిలవని పేరంటానికి వచ్చినట్టు గుమ్మం దగ్గరే నిలబడిపోయేది.

ఆ షీట్ సామాన్యమైనది కాదు. నలభై ఒక్క హోటళ్ళు, పంతొమ్మిది కాలమ్‌లు. ప్లగ్ పాయింట్ మంచానికెంత దూరం, బాత్రూంలో మగ్గు గానీ దానితో సమానమైన ఏర్పాటు గానీ ఉందా, రూమ్‌లో రైస్ కుక్కర్ పెడితే యాజమాన్యం చూసీ చూడనట్టు ఊరుకుంటుందా. రివ్యూలకు వేరే నియమావళి. ఐదు స్టార్లిచ్చినవాడు హోటల్ వాడి బంధువు. ఒక్క స్టారిచ్చినవాడు పెళ్ళాంతో గొడవపడి దిగినవాడు. ఇద్దరి మాటా చెల్లదు. మూడు స్టార్లవాణ్ణి నమ్మవచ్చు. వాడు మనవాడైతే మాత్రం ఇంకో స్టారు కలుపుకోవాలి.

ఫ్రీ కాన్సిలేషన్ ఉన్న ప్రతి హోటల్‌నూ ముందు బుక్ చేసి పారేయాలన్నది ఫణి గారి విధానం. దాని ప్రకారం ఈ రెండు కుటుంబాలూ రోమ్‌లో ఒకే రాత్రి ఏడు హోటళ్ళలోనూ, ఫ్లోరెన్స్‌లో తొమ్మిదింటిలోనూ పడుకోబోతున్నాయి. గడువులోగా ఒకటి ఉంచి మిగిలినవి కాన్సిల్ చేయాలి. బుకింగ్‌లన్నీ నరసింహ అకౌంట్‌లో ఉన్నాయి. బటన్లు నొక్కే పని, ఇంట్లోనే ఉంటుంది కదా అని, పూజితకు అప్పగించారు. ఆ విధంగా ఆమెకు సంఘంలో కాన్సిలేషన్ గుమాస్తాగా స్థానం దొరికింది.

గుమాస్తాకు ఒకటే భయం. మెట్లు. మార్చిలో ఎవరింట్లోనో పుట్టినరోజుకు వెళ్తే తార మెట్ల మీంచి దొర్లి గడ్డానికి మూడు కుట్లు వేయించుకుంది. అప్పటినుంచి పూజిత ఏ ఇంటికి వెళ్ళినా మనుషుల్ని పలకరించే ముందు మెట్లు లెక్కపెడుతోంది. పంతొమ్మిది కాలమ్‌లలో మెట్ల కాలమ్ లేదు.

ఫ్లోరెన్స్‌కు చివరకు రెండు మిగిలాయి. వంతెన పక్క హోటల్‌కు రేటింగ్ 8.7. కిటికీలోంచి నది కనిపిస్తుంది, సెకండ్ ఫ్లోర్, లిఫ్ట్ లేదు. స్టేషన్ పక్క హోటల్‌కు 8.4. కిటికీలోంచి ఎదుటివాళ్ళ కిటికీ కనిపిస్తుంది, థర్డ్ ఫ్లోర్, లిఫ్ట్ ఉంది. శనివారం ఫణి గారింట్లో సమావేశం జరిగింది.

"సెకండ్ ఫ్లోర్‌కి లిఫ్ట్ ఎందుకయ్యా? మన ఆఫీస్ కెఫెటేరియా సెకండ్ ఫ్లోరే కదా, ఒక్క వరస మెట్లు" అని ఫణి గారు తేల్చేశారు. నరసింహ తలూపాడు. (సోమవారం నుంచి శుక్రవారం వరకూ ఊపే తల, శనివారం దానంతటదే ఊగుతుంది.)

పూజిత పులిహోర గిన్నె మీద మూత పెడుతూ, "అన్నయ్య గారూ, అక్కడ కింది అంతస్తును లెక్కలో వేయరేమోనండీ. మనూళ్ళోలాగా గ్రౌండ్, ఆపైన ఫస్ట్. విజయవాడలో మా మేనత్త వాళ్ళది సెకండ్ ఫ్లోరే, రెండు వరసలెక్కాలి" అంది.

"సోర్స్ ఏంటమ్మా?"

"మా మేనత్తేనండీ."

ఫణి గారు ఓర్పుగా నవ్వి, కామెంట్స్‌లో 'మేనత్త, నాట్ వెరిఫైడ్' అని టైప్ చేశారు.

సోమవారం పొద్దున నరసింహ ఆఫీసుకెళ్ళాక పూజిత, సంఘం చరిత్రలో ఎవరూ చేయని దుస్సాహసం చేసింది. వంతెన పక్క హోటల్‌కు ఫోన్ చేసింది. (నాలుగు వేల రివ్యూలు చదివిన సంఘానికి, హోటల్లో ఫోన్ ఉంటుందన్న సంగతి తట్టలేదు.) గ్రోసరీ లిస్టు వెనకాల ఇంగ్లీషు వాక్యాలు రాసుకుని, నాలుగుసార్లు నీళ్ళు తాగి, డయల్ చేసింది. అవతల ఒకావిడ. ఇద్దరి ఇంగ్లీషూ ఒకే క్లాసులో ఆగిపోయినట్టుంది, అందుకని ఒక్క మాట వృథా కాలేదు.

"బేబీ. టూ ఇయర్స్. స్టెప్స్ హౌ మెనీ?"

"బేబీ? వన్ మొమెంట్."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పుల చప్పుడు పైకి వెళ్ళి వెళ్ళి వినపడకుండా పోయింది. చాలాసేపటికి కిందికి దిగింది. ఆవిడ ఆయాసపడుతూ, "సిక్స్‌టీ ఎయిట్. వెరీ స్మాల్ స్టెప్స్. బేబీ, నో" అంది. స్టేషన్ పక్క హోటల్ లిఫ్ట్ సంగతి అడిగితే, మంచిదే, అది మా కజిన్‌దే అని చెప్పింది. నియమావళి ప్రకారం బంధువుల మాట చెల్లదు. పూజిత చెల్లుబాటు చేసుకుంది.

సాయంత్రం ఆ అరవై ఎనిమిదీ ఫణి గారికి నివేదించబడ్డాయి. ఒక్క మనిషి ఫోన్‌లో చెప్పింది డేటా కాదనీ, శాంపిల్ సైజ్ చాలదనీ ఆయన కొట్టేశారు. వంతెన పక్కది ఉంచి మిగతా ఎనిమిదీ గురువారం ఐదింటిలోగా కాన్సిల్ చేయాలని తీర్మానం.

"వదిలెయ్ పూజీ, తారను నేనెత్తుకుంటాలే. ఆయనతో మనకెందుకు" అన్నాడు నరసింహ.

"మీరు దాన్నెత్తుకుంటారు. మరి సూట్‌కేసులు? అది చెయ్యి విదిలించుకుని దూకితే, అరవై ఎనిమిదిలో ఎన్నో మెట్టు మీద పట్టుకుంటారు?"

నరసింహ ఆ డేటా కోసం షీట్ తెరిచాడు.

గురువారం మధ్యాహ్నం తార నిద్రపోయాక పూజిత ఎనిమిది హోటళ్ళు కాన్సిల్ చేసింది. తీర్మానంలో ఎనిమిదనే ఉంది. ఏ ఎనిమిది అన్న విషయంలో గుమాస్తా స్వల్పంగా విచక్షణ ఉపయోగించింది. ఎనిమిది కాన్సిలేషన్ కాగితాలూ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. నాలుగు నిమిషాల్లో మూడు బొటనవేళ్ళు వచ్చాయి. తెరిచి చూసినవారు లేరు. అయినా నెల్లాళ్ళపాటు ఫోన్ మోగినప్పుడల్లా ఆమె ముందు అది ఫణి గారి నంబరేమోనని చూసుకునేది.

జూన్ మూడో వారంలో ఫ్లోరెన్స్ ఎయిర్‌పోర్ట్ నుంచి, పూజిత చూపించిన అడ్రస్ పట్టుకుని, పెద్ద టాక్సీ ఒకటి వాళ్ళను స్టేషన్ పక్క హోటల్ ముందు దించింది. పెనం మీద నిలబడినట్టుంది ఎండ. ఐదు పెద్ద సూట్‌కేసులు. గౌరి అటూ ఇటూ చూసి, "నది ఏదండీ?" అని అడిగింది. ఫణి గారు ఫోన్ తీశారు. పూజిత స్ట్రోలర్‌లోని తార వైపు వంగింది. ఆయన ఫోన్ చూశారు, హోటల్ బోర్డు చూశారు, సూట్‌కేసుల్ని చూశారు, లోపల తళతళలాడుతున్న లిఫ్ట్‌ను చూశారు. ఫోన్ జేబులో పెట్టేశారు.

"నదిదేముంది, రేపు వెళ్ళి చూద్దాం. చంటిపిల్లతో వస్తూ లిఫ్ట్ లేని చోట దిగుతామా? అందుకే నేను దీన్నే ఫైనల్ చేశాను. రీసెర్చ్ అంటే ఇదీ."

నరసింహ తలూపుతూ పూజిత వైపు చూశాడు. ఆమె తార బూట్లు సరిచేస్తోంది.

లిఫ్ట్ తలుపు మీద నలుగురికి మాత్రమే అని బొమ్మ వేసి ఉంది. సూట్‌కేసులు హోటల్ కుర్రాడికి అప్పగించి ఫణి గారు, గౌరి, నరసింహ, స్ట్రోలర్‌లో తార లోపలికి వెళ్ళారు. పూజిత మెట్లెక్కి వచ్చింది.