సభ ఆమోదించని చేతులు

లోకంలో సేవ చేయడం కన్నా కష్టమైన పని ఒక్కటే ఉంది. అది సేవ చేయించుకోవడం. చేసేవాడికి మనసుంటే చాలు. చేయించుకునేవాడికి ఓపిక ఉండాలి, వేళకు రావడం ఉండాలి, పెద్దల ఉపన్యాసం మధ్యలో ఆవులించని నిగ్రహం ఉండాలి. ఇన్ని సుగుణాలు ఒక్క మనిషిలో దొరకవు. అందుకే పద్దెనిమిది వందల తొంభై మూడులో, రాజమహేంద్రవరానికి దిగువన కాలువ గట్టు మీది ఒక ఊళ్లో వెలసిన ఆర్తజన సేవా సమాజానికి సభ్యులు ముప్పై ఒక్కమంది కాగా, ఆర్తజనం మాత్రం ఒక్కడే. అతని పేరు సత్తియ్య.

ఊళ్లో పేదవాళ్లు లేక కాదు, కావలసినంతమంది ఉన్నారు. కానీ సమాజానికి నలభై రెండు నిబంధనలున్నాయి. తొమ్మిదో నిబంధన ప్రకారం సహాయం అడిగినవాడు యాచకుడు, యాచకులను ప్రోత్సహించరాదు. పదో నిబంధన ప్రకారం అడగనివాడికి అవసరం లేదని భావించవలెను. పదకొండో నిబంధన ప్రకారం సేవ ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటి నుంచి అయిదింటి వరకు జరుగును (వాన, ఎండ, అమావాస్య, సభ్యుల ఇళ్లలో శుభకార్యాలు మినహా). ఈ మూడు కంతల్లోంచీ దూరి అవతల తేలినవాడు సత్తియ్య ఒక్కడే.

అదైనా అతని ప్రజ్ఞ కాదు. సత్తియ్య పడవ లాగే కూలి. గట్టు మీద నడుస్తూ, భుజాన తాడు వేసుకుని, కాలువలో సరుకు పడవలను లాగుతాడు. ఒక రెండో ఆదివారం నాలుగుంపావుకి, సరిగ్గా సమాజమందిరం ఎదుట, తాడు తెగి గట్టు మీంచి దొర్లి కాలు విరగ్గొట్టుకున్నాడు. నొప్పికి నోరు పెగలక ఏమీ అడగలేకపోయాడు. అడగలేదు గనక యాచకుడు కాడు. కాలు విరిగి కళ్లెదుటే పడి ఉన్నాడు గనక అవసరం లేదనడానికీ వీల్లేదు. సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, గత్యంతరం లేక సేవ చేశారు.

చేసినంతలో బాగానే చేశారు. కట్టు కట్టించారు. రెండు నెలలు ఇంటికి గింజలు పంపారు. ఆ రెండు నెలలూ సమాజమే లేకపోతే తమ పొయ్యిలో పిల్లి లేచేది కాదని సత్తియ్య భార్య వీరవేణి ఈనాటికీ పదిమందిలో చెబుతుంది. మొగుడూ పెళ్లాలిద్దరికీ ఆ మేలు మీద నిజమైన విశ్వాసం ఉంది. కథకు చిక్కు వచ్చింది కూడా ఆ విశ్వాసం వల్లనే.

మూడో నెలలో సత్తియ్యకు కాలు బాగైపోయింది. సమాజానికి ఈ సంగతి తెలియదు (తెలుసుకోవాలనే నిబంధన లేదు). ఏటేటా వార్షికోత్సవం చేయాలి, నివేదిక అచ్చు వేయించి జిల్లాలోని ప్రతి కచేరీకీ పంపాలి. నివేదిక రాసేది కార్యదర్శి భాస్కరం పంతులు గారు. ఆయన ప్లీడరు. ఆయన కలానికి కరుణరసం మీద మక్కువ. మొదటి ఏడు ఉన్నదున్నట్టే, కాలు విరిగిన కూలి అని రాశారు. రెండో ఏడు మళ్లీ అదే రాస్తే సమాజం అభివృద్ధి చెందలేదనుకుంటారని రెండు కాళ్లూ పోయాయన్నారు. మూడో ఏడు చేతులు రెండూ చచ్చుబడ్డాయి. నాలుగో ఏడు చూపు మందగించింది.

సత్తియ్యకు చదువు రాదు. ఏటా వార్షికోత్సవం నాడు పడవ సరంగు దగ్గర పూట సెలవు అడిగి, గట్టు మీంచి చకచకా నడిచొచ్చి, బల్ల మీద కూర్చుని, కంబళి కప్పించుకుని, మళ్లీ నడిచి వెళ్లి తాడు అందుకునేవాడు. (గోదావరి జిల్లా ఎండలకు కంబళి దేనికని ఎవరూ అడగలేదు. అలా వచ్చినవాటిలో మూడు పొరుగింటి గేదె కప్పుకుంది.) సభలో చేతులు కదపొద్దని, ఎవరికీ దండం పెట్టొద్దని పంతులు గారు రెండేళ్లుగా చెబుతుంటే, అది గొప్పవాళ్ల మర్యాద కాబోలనుకున్నాడు.

అయిదో ఏడు లాకు దగ్గర లస్కరు పని ఖాళీ అయింది. లాకు తలుపులు తీసి మూసి పడవలను దాటించే సర్కారు కొలువు అది. గట్టు మీద రెండు గదుల పెంకుటిల్లు కూడా ఇస్తారు. సత్తియ్యకు నలభై దాటాయి. తాడు ఒరిపిడికి భుజం కాయ కాసింది. ఇంకెన్నాళ్లు లాగగలనన్న దిగులు పట్టుకుంది. ఆ పని మీద ఆశ పుట్టాక అతనికి అన్నం సహించలేదు. వీరవేణి అప్పటికే వెళ్లి, ఆ ఇంటి పెంకుల మీదికి ఆనపపాదు ఏ పక్కనుంచి పాకించాలో చూసుకుని వచ్చింది.

ఇరుక్కుపోయిన లాకు తలుపును సత్తియ్య ఒక్కడే తోసి మూయడం ఆ కొలువు ఇచ్చే కాలువల ఓవర్సీరు గారు కళ్లారా చూశారు. కబురు పెట్టి పిలిపించారు. ఉత్తర్వు రాయబోతూ ఏదో గుర్తొచ్చి, బీరువాలోంచి ఒక అచ్చుపుస్తకం తీశారు.

“పడవ లాగే సత్తియ్యవి నువ్వేనా?”

“ఆయ్, నేనేనండి.”

“ఇందులో నీకు చేతులు రెండూ పడిపోయాయని ఉందయ్యా.”

సత్తియ్య చేతులు తిప్పి చూసుకున్నాడు. “ఇవిగోనండి.”

“ఉంటే ఉన్నాయి, నేను కాదన్నానా? నిన్న తలుపు తోస్తుంటే చూశాను కూడా. కానీ ఇది అచ్చులో ఉంది. రేపు పైనుంచి ఎవరైనా అడిగితే నా కళ్లు చూపించనా, పుస్తకం చూపించనా? సమాజం వాళ్ల దగ్గర కాగితం పట్రా. సోమవారం దాకా ఆగుతాను.”

సత్తియ్య తిన్నగా భాస్కరం పంతులు గారి అరుగు దగ్గరికి వెళ్లాడు.

“పంతులుగారండి, నాకు చేతులున్నాయని ఒక్క ముక్క రాసివ్వండి బాబూ.”

“ఏంట్రా, అయితే మా నివేదిక అబద్ధమంటావా?”

“అయ్యబాబోయ్, ఆ మాట అన్లేదండి. నాకు చేతులున్నాయంటున్నానండి, అంతే.”

“రెండూ ఒకటే కదరా!”

మిషన్ బడిలో పాఠాలు చెప్పే ఆశీర్వాదం మాస్టారు కూడా సమాజంలో సభ్యులే. అప్పుడు ఆ అరుగు మీదే ఉన్నారు. “పంతులుగారూ, ఇతను పడవ లాగడం నేను రోజూ చూస్తున్నానండి,” అన్నారు.

“మాస్టారూ, మీరు చూడటం వేరండి, సభ చూడటం వేరండి,” అన్నారు పంతులు గారు. ఆ మాట మీదే ముగ్గురు సభ్యులతో ఉపసంఘం వేశారు.

ఉపసంఘం గురువారం కూడింది. నిమ్మకాయ నీళ్లు తాగింది. సత్తియ్య వేళ్లు లెక్కపెట్టింది. పది వచ్చాయి. ఒక సభ్యుడికి సందేహం కలిగి మళ్లీ లెక్కపెట్టగా మళ్లీ పదే వచ్చాయి. అంతట ఇలా తీర్మానించింది: “పరీక్షకు హాజరైన వ్యక్తికి రెండు చేతులు గలవు. అయితే నివేదిక సభలో ప్రతిపాదింపబడి, బలపరచబడి, కరతాళధ్వనుల మధ్య ఆమోదింపబడినది. సదరు చేతులు ఇంతవరకు ఏ సభలోనూ ఆమోదింపబడలేదు. కావున వీటిని శనివారపు వార్షికోత్సవంలో, సబ్ కలెక్టరు దొరగారు వెళ్లిన పిమ్మట, ‘ఇతర విషయముల’ కింద పరిశీలించవలెను.”

“శనివారం దాకా ఎలాగోలా పడిపోయి ఉండరా. ఆ తర్వాత నీ చేతులు నీవి,” అని పంతులు గారు అభయమిచ్చారు.

ఇంటికొచ్చి చెబితే వీరవేణి నోరు నొక్కుకుంది. “ఏమయ్యా, గింజలు పెట్టినోళ్ల మాట కాదనలేం గానీ, శనివారం దాకా నన్ను కలిపి తినిపించమంటారా ఏంటి?”

శనివారం వచ్చింది. సేవను దొరగారు స్వయంగా చూడాలని, సత్తియ్యను మంచం మీద పడుకోబెట్టి నలుగురు సభ్యులు పందిరి దాకా మోసుకొచ్చే ఏర్పాటు జరిగింది. నలుగురూ ప్లీడర్లే. పుస్తకం కన్నా బరువైంది మోసి ఎరగరు. తూము దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికి ఆయాసం, ఒకరికి నడుము పట్టు. వాళ్ల అవస్థ చూడలేక సత్తియ్య మంచం దిగి, ముందువైపు తన భుజాన పెట్టుకున్నాడు. పందిరి కనిపించాక మర్యాదగా మళ్లీ ఎక్కి పడుకున్నాడు. (ఈ మోత కూడా సమాజం లెక్కలోకే వెళ్లింది.)

ప్రార్థన అయింది. నివేదిక ఇంగ్లీషులో గంటసేపు అయింది. తరవాత దొరగారు లేచి, మంచం దగ్గరికి వచ్చి, టోపీ తీసి వంగారు. అంతటి మనిషి ఎదురుగా నిలబడి టోపీ తీస్తే, దండం పెట్టకుండా కట్టెలా పడి ఉండడం సత్తియ్య ఇంటావంటా లేదు. ఒద్దొద్దనుకుంటూనే ఉన్నాడు. చేతులు రెండూ వాటంతట అవే లేచి జోడించుకున్నాయి.

భాస్కరం పంతులు గారికి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా ప్లీడరు ప్లీడరే. మరుక్షణం ఆయన ముందుకొచ్చి, అయిదేళ్ల తమ సేవ దొరగారి కళ్లెదుటే ఫలించిందని ఇంగ్లీషులో ప్రకటించారు. చప్పట్లు మోగాయి. దొరగారికి కళ్లు చెమర్చాయి. ఆయన సమాజం పుస్తకం తెప్పించి, ఈ సాయంత్రం అయిదు గంటల పది నిమిషాల వరకు చచ్చుబడి ఉన్న ఇతని చేతులు సమాజపు సేవ వల్ల తిరిగి వచ్చినట్టు తన స్వహస్తంతో రాసి దస్కతు చేశారు.

దాని నకలు పంతులు గారు సత్తియ్యకు ఇచ్చారు. “చేతులున్నాయని కాగితం అడిగావుగా? ఇదిగో, దొరగారే రాశారు,” అన్నారు. సత్తియ్య ఆయన కాళ్లకు మొక్కాడు. దారి పొడుగునా కాగితం పట్టుకున్న తన చేతులనే చూసుకుంటూ, పట్టరాని సంతోషంతో ఇంటికి వెళ్లాడు.

సోమవారం ఓవర్సీరు గారు ఆ నకలును లేచి నిలబడి చదివారు. “దొరగారి దస్కతు! ఇక దీనికి తిరుగు లేదయ్యా,” అన్నారు. సత్తియ్య మొహం విప్పారింది. “ఒక్కటే చిక్కు. జబ్బు నుంచి లేచినవాణ్ణి ఆరు నెలలు గడవందే బరువు పనిలో పెట్టుకోకూడదని రూలు. నీ చేతులకి ఇవాళ్టికి రెండు రోజులేగా.” మధ్యాహ్నానికి ఆ కొలువు ఇంకొకడికి వెళ్లిపోయింది. (అతనికి ఏనాడూ ఏ సమాజమూ సేవ చేసి ఉండలేదు.)

సత్తియ్య గట్టు మీదికి తిరిగి వచ్చేసరికి అతని తాడు మరొకడి భుజాన ఉంది. అయిదేళ్లుగా సత్తియ్య లాగే పడవలో కూర్చుని ప్రయాణం చేసిన సరంగు, అతని చేతుల వంక జాలిగా చూశాడు.

“దొరగారే రాశారంట కదా సత్తియ్యా. రెండ్రోజుల చేతుల్తో తాడేం లాగుతావు? పడవ నిండా ధాన్యం. ఏదన్నా అయితే పాపం నాకు చుట్టుకుంటది. నావల్ల కాదయ్యా.”

పదిహేను రోజులకు ఇంట్లో గింజలు అయిపోయాయి. జన్మలో మొదటిసారి సత్తియ్య తనంతట తాను సాయం అడగడానికి సమాజమందిరం మెట్లెక్కాడు. పంతులు గారు అతన్ని చూసి మురిసిపోయారు గానీ తల అడ్డంగా ఊపారు.

“బాగుపడినవాడికి సేవ చేయకూడదురా, నిబంధన. నువ్వు మా విజయానివి. విజయానికి గింజలు పంపితే లోకం ఏమనుకుంటుంది?”

సత్తియ్యకు నిజంగానే ఏడుపు వచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఎత్తితే, చూడండి ఎంత చక్కగా కదులుతున్నాయో అని పంతులు గారు పక్కవాళ్లకు చూపించారు. ఆశీర్వాదం మాస్టారు బుధవారం నాడు ఇంటి నుంచి కుంచెడు బియ్యం తెచ్చి వీరవేణి చేతికిచ్చి వెళ్లారు (బుధవారం గనక దీన్ని సేవగా పరిగణించలేదు). అచ్చుకు వెళ్లబోతున్న ఆ ఏటి నివేదికలో చివర ఒక వాక్యం చేర్చమని పంతులు గారికి రాసి కూడా ఇచ్చారు: “సత్తియ్యకు ప్రస్తుతం పని లేదు, ఇంట్లో తిండి లేదు.”

మొదటి ఏడు విరిగిన కాలు తరవాత ఆ నివేదికల్లోకి రాబోయిన నిజం అదొక్కటే. పంతులు గారు రెండుసార్లు చదివారు. అందులో కరుణరసం చాలలేదని కొట్టేశారు.