మూత పడని ఇల్లు

జూన్ మూడవ తేదీ, బుధవారం ఉదయం. ఇళ్ల విషయమై మానవజాతికి గల సందేహాలన్నీ శాశ్వతంగా తీరిపోయి నేటికి ఏడాది. ఆ శుభసందర్భాన పట్టణ గృహపత్ర భాండాగారంలో హాజరైనవారు: డైరెక్టరుగారు, ప్రశ్నల గుమాస్తా, గుమాస్తాగారి మేనత్త.

ఏడాది కిందట ఊళ్లోని ఇంటి పత్రాలన్నిటినీ వరసగా డేటాబేసులోకి ఎక్కించారు. పద్ధతి నిర్దుష్టమైనది. ఇల్లు మొదలైనచోట ఒక తెరుపు ట్యాగు, ముగిసినచోట ఒక మూత ట్యాగు; నడుమ ఉన్నదంతా ఆ ఇంటిదే. యంత్రాన్ని ప్రశ్న అడిగే అధికారం గుమాస్తాది, అడగనిచ్చే అధికారం డైరెక్టరుగారిది. (జవాబును నమ్మే బాధ్యత ప్రజలది.)

"పడమటి గదిలో గొడుగేసుకుని పడుకుంటున్నాన్రా," అంది మేనత్త. "కప్పు బాగుచేయించుకోడానికి అనుమతి ఇమ్మంటే, వచ్చినప్పుడల్లా మీ సారు సోమవారం రమ్మంటారు. ఇంకో వాన పడితే గోడ కూడా ఉండదు."

వార్షికోత్సవ ఉత్సాహంలో ఉన్న డైరెక్టరుగారు తలూపారు. గుమాస్తా ప్రశ్న వేశాడు: ఈమె ఇంటిలో ఏమేమి ఉన్నవి?

యంత్రం వంటగది చెప్పింది. పెరడు చెప్పింది. ఆగలేదు. పక్కింటి దంతవైద్యుణ్ణీ, నోరు తెరుచుకుని ఆయన ముందు కూర్చున్న మనిషినీ, వీధినీ, బస్టాండునూ, రెండు బడులనూ చెప్పి, భాండాగారాన్ని చెప్పి, అందులో డైరెక్టరుగారి గదితో ముగించింది.

గుమాస్తా దస్త్రం తెరిచి చూశాడు. అత్త ఇంటికి మూత ట్యాగు పెట్టడం ఎవరో మరిచారు. (దయగల యంత్రం ఎవరినీ నొప్పించకుండా ఆ మూతను దస్త్రం చిట్టచివర తానే పెట్టుకుంది.)

"ఇప్పుడు పెట్టేస్తాను సార్."

"ఎలా పెడతావయ్యా? మధ్యలో మూస్తే ఊరంతటినీ ఇంట్లోంచి ఖాళీ చేయించినట్టు. లోపలున్నవాళ్లు అర్జీ పెట్టుకోవాలి, ఇంటావిడ ఒప్పుకోవాలి."

"మరి నా కప్పో?"

గుమాస్తా నిబంధనలు తిరగేశాడు. అనుమతి కావలసింది ఇంటి బయటి అంచులకే. ఇల్లు బస్టాండు దాటి వెళ్లిపోయాక పడమటి గది నట్టింట్లోకి వస్తుంది.

"లోపలి మరమ్మతే అత్తా. ఎవర్నీ అడగక్కర్లేదు."

మేనత్త అక్కడికక్కడే మేస్త్రీకి ఫోను చేసి రమ్మంది. ఆపైన తీరిగ్గా గదంతా కలియజూసింది.

"గాలి బాగా వస్తోందే. ఈ గదిలో ఎవరుంటున్నారు?"

"నేనేనమ్మా," అన్నారు డైరెక్టరుగారు, తెలియకుండానే లేచి నిలబడి.

"ఎవర్నడిగి?"

డైరెక్టరుగారు తమ గదిని ఆమె ఇంట్లోంచి బయట పెట్టమని అర్జీ రాసి, 'లోపలివాడు' అన్నచోట సంతకం చేసి, రెండు చేతులా అందించారు.

"కాస్త తొందరగా చూడండమ్మా. మధ్యాహ్నం పైవాళ్లు తనిఖీకొస్తున్నారు. ఎక్కడ పనిచేస్తున్నావంటే మీ ఇంట్లో అని చెప్పుకోవాలి."

మేనత్త అర్జీని ఆసాంతం చదివింది. నాలుగు మడతలు పెట్టి చేతిసంచీలో, కళ్లజోడు పెట్టె కిందికి తోసి, జిప్పు లాగింది.

"సోమవారం రండి బాబూ."